పాపకు ఎవరోలిమస్ వేస్తున్నారా?

మా పాపకు ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బు. టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువుల్లో ఒకటి దెబ్బతింటే కణాల్లో పెరుగుదలను నడిపే ఎంటార్ అనే సంకేత మార్గానికి బ్రేకు పోతుంది. ఫిట్స్‌కి మూలం అదే. ఎవరోలిమస్ ఆ మార్గాన్నే అణచివేస్తుంది. పాత ఫిట్స్ మందులు ఆపకూడదు, వాటితో పాటే ఇది.

రోజూ ఒకే టైముకి వేయండి. తిన్నాక వేయడం మొదలుపెడితే ఎప్పుడూ తిన్నాకే. రక్తపరీక్ష రోజు మాత్రం ముందు రక్తం ఇచ్చి, తర్వాత డోసు. ఈ ఒక్కటీ తప్పితే రిపోర్టు దండగ. రక్తంలో ఈ మందు మిల్లీలీటరుకు 5 నుంచి 15 నానోగ్రాములు ఉండేలా డాక్టర్లు చూస్తారు. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందులు ఆ స్థాయిని తగ్గిస్తాయి, కాబట్టి ఏ మందు మారినా చెప్పండి. గ్రేప్‌ఫ్రూట్ వద్దు, మేము పంపరపనస కూడా మానేశాం.

నోటిపూత మామూలే, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ వాడండి. జ్వరం వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి, ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది.