అందరూ ఒకేసారి గుక్క తిప్పుకోవద్దు

1742లో డబ్లిన్‌లో తొలిసారి వినిపించిన, స్వరకర్త హాండెల్ రచన ‘మెసయ్య’లోని హల్లెలూయా బృందగానంలో, ‘రాజులకు రాజు’ అనే మాటలను సొప్రానోలు (బృందంలో అన్నిటికన్నా పైస్థాయిలో పాడేవారు) మెట్టుమెట్టుగా పైస్థాయికి తీసుకువెళ్తూ సాగదీసే చోట, అందరూ ఒకేసారి ఊపిరి పీల్చుకుంటే నాదం తెగిపోతుంది. అందుకే ఎవరు ఎక్కడ గుక్క తిప్పుకోవాలో పక్కవారితో ముందే మాట్లాడుకొని, స్వరప్రతిపై పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పంక్తి చివర కాకుండా, అచ్చు సాగుతున్నప్పుడే గొంతు క్రమంగా తగ్గించి ఆగి, తీరిగ్గా ఊపిరి నింపుకొని, అంతే మెల్లగా తిరిగి కలవండి. హడావుడిగా పీల్చిన గుక్క చప్పుడు మైకు దాచదు. కలిసేటప్పుడు హల్లును మళ్లీ పలకకూడదు, చాలామంది తప్పేది ఇక్కడే. ఒక్కో పార్టుకు (సొప్రానో లాంటి ఒక్కో గొంతు వరుసకు) ఇద్దరు ముగ్గురే ఉన్న బృందానికి మాత్రం ఈ పద్ధతి అంతగా నప్పదు.