కార్పెట్ మీద మరక మళ్లీ తేలకుండా తీయడం ఎలా?

కార్పెట్ మీద కాఫీ ఒలికిందంటే చాలు, చేతికందిన గుడ్డ తడిపి బలమంతా పెట్టి గుండ్రంగా రుద్దుతారు. మరక పలచబడగానే పని అయిపోయిందనుకుంటారు. రెండు రోజుల తర్వాత అదే చోట, ఈసారి ఇంకాస్త పెద్దగా, గోధుమ రంగు అంచుతో మళ్లీ కనిపిస్తుంది. మా ఇంట్లోనూ, బంధువుల ఇళ్లలోనూ ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే కార్పెట్లలో ఒలికిన కాఫీ చేసిన నష్టం కన్నా దాన్ని తీయబోయి చేసిన నష్టమే ఎక్కువ.

కావలసినవి

తెల్లని నూలు తువ్వాళ్లు ఐదారు, మొద్దు అంచున్న చెంచా, గిన్నెలు తోమే రంగులేని ద్రవ సబ్బు, తెల్ల వెనిగర్, వంట సోడా, నీళ్లు. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే మంచిది. రంగు గుడ్డ వాడకూడదు. దాని రంగు కార్పెట్‌కు అంటుతుంది, మరక ఎంత బయటికి వచ్చిందో కూడా తెలియదు. బ్రష్షు ఎంత మెత్తనిదైనా ఈ పనికి పనికిరాదు.

1. పోగు ఏమిటో తెలుసుకోండి

నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపిలీన్ పోగులు చాలా వరకు తట్టుకుంటాయి. ఉన్ని తట్టుకోదు. అడుగున అంటించిన చీటీ పోయి ఉంటే అంచు నుంచి ఒక్క పోగు కత్తిరించి, పింగాణీ పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో కాల్చండి. ఉన్నిది జుట్టు కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగే బూడిద. కృత్రిమ పోగు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. క్లోరిన్ బ్లీచ్ ఉన్నిని కరిగించేస్తుంది, అమ్మోనియా దెబ్బతీస్తుంది, ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్ సబ్బులు తినేస్తాయి. ఉన్ని కార్పెట్ మీద బ్లీచ్ వేయడమంటే కొండనాలుకకు మందు వేసి ఉన్న నాలుక ఊడగొట్టుకోవడమే.

ఏ ద్రవమైనా ముందు సోఫా కింద, కనబడని మూలలో నాలుగు చుక్కలు వేసి, తెల్ల గుడ్డ ఒత్తి పట్టి చూడండి. గుడ్డకు రంగు దిగితే అది వాడకండి.

2. పైన ఉన్నది ఎత్తేయండి

చిక్కగా ఉన్నదాన్ని చెంచాతో అంచు నుంచి మధ్యకు తీయండి. ద్రవమైతే పొడి తువ్వాలు మడిచి పెట్టి ఒత్తండి. బురదను ముట్టుకోకుండా ఎండనివ్వండి, ఎండాక వ్యాక్యూమ్ క్లీనర్ లాగేస్తుంది. మైనాన్నీ చూయింగ్ గమ్‌నూ మంచు ముక్కతో గట్టిపరచి విరవండి.

3. సబ్బు నీళ్లతో అద్దండి

కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటికి పావు టీస్పూను సబ్బు. అంతకు మించి ఒక్క చుక్క కూడా వద్దు. ద్రవాన్ని కార్పెట్ మీద పోయకుండా గుడ్డను తడిపి, అంచు నుంచి మధ్యకు అద్దండి. రుద్దవద్దని ఎందుకంటానంటే, ఒక్కో పోగు ఎన్నో సన్నని తంతువులను కలిపి మెలిపెట్టి చేసినది. రుద్దితే మెలి విడి కొస నూగులా చిట్లుతుంది. అప్పుడు మరక పూర్తిగా పోయినా వెలుతురు ఆ చోట వేరుగా పడి, మాసినట్టే కనిపిస్తుంది. దాన్ని బాగుచేసే సబ్బు లేదు.

టీ, కాఫీ మరకలకు సబ్బు నీళ్ల తర్వాత ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి అద్దండి. బట్టల సబ్బు బిళ్ల మాత్రం వాడకండి, టీ, కాఫీలలోని టానిన్ అనే వగరు పదార్థం దానితో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రక్తానికి చన్నీళ్లే వాడాలి. వేడికి అందులోని ప్రోటీన్లు గడ్డకట్టి పోగును పట్టుకుంటాయి. లేత రంగు కృత్రిమ కార్పెట్ అయితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మూలలో పరీక్షించి వాడవచ్చు. నూనె మీద వంట సోడా చల్లి అరగంట ఆగి లాగేయండి, సబ్బు ఆ తర్వాత. సిరాకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డ మీద వేసి అద్దాలి. కార్పెట్ మీద పోస్తే అడుగు పొరలను అంటిపెట్టిన జిగురు వదులవుతుంది. పెంపుడు జంతువుల మూత్రానికి ఎంజైమ్ ద్రవం వాడండి. ఉన్ని మీదైతే ఉన్నికి పనికివస్తుందని సీసా మీద రాసి ఉన్నదే ఎంచుకోండి. మూత్రం మీద బ్లీచ్ ఎప్పుడూ వేయకండి, అందులోని అమ్మోనియాతో కలిసి విషవాయువులు పుడతాయి.

వెనిగర్, వంట సోడా కలిపి పోయమని చెప్పేవారు చాలామంది. ఆమ్లం, క్షారం కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోయాక మిగిలేది ఉప్పులాంటి సోడియం అసిటేట్, నీళ్లు. ఆ పొంగు చూసి మరక పోతోందనుకుంటారు. సోడాతో పని ఉన్న చోట సోడా, వెనిగర్‌తో పని ఉన్న చోట వెనిగర్, విడివిడిగా వాడండి.

4. సబ్బునూ తడినీ బయటికి లాగండి

అందరూ చెడగొట్టేది ఇక్కడే. మరక కంటికి కనిపించకపోగానే గుడ్డ అవతల పెట్టేస్తారు. నిజానికి అప్పటికి పని సగమే అయింది.

ఒలికినది పోగుల కొసల మీద ఆగదు. మొదళ్లకు దిగి, అడుగు నేతలోకి, దాని కింది జిగురు పొరలోకి, ఒక్కోసారి కింద పరిచిన మెత్తలోకి వెళుతుంది. మీరు అద్దినది పైభాగాన్ని. కార్పెట్ ఆరేది కూడా పైనుంచే. కొసల దగ్గర నీరు ఆవిరవుతున్న కొద్దీ, దీపంలో నూనె వత్తి వెంట ఎక్కినట్టు అడుగు తడి పోగు వెంట పైకి ఎక్కుతుంది. వస్తూ వస్తూ అడుగున దాగిన రంగునూ సబ్బునూ మోసుకొస్తుంది. నీరు గాలిలో కలిసిపోతుంది, రంగు కొస మీద మిగిలిపోతుంది. రెండో రోజు తేలే మరక అదే. అడుగు పొర జనపనారదైతే ఎక్కువ తడిసినప్పుడు తన గోధుమ రంగును కూడా పైకి పంపుతుంది.

మిగిలిన సబ్బు ఇంకో నష్టం చేస్తుంది. ఆరాక జిగటగా ఉండి నడిచేవారి కాళ్ల దుమ్మును పట్టుకుంటుంది. పక్షం తిరిగేసరికి అక్కడ నల్లని మచ్చ. దాని మీద మళ్లీ సబ్బే వేస్తారు.

ఒకసారి ఒక ఇంట్లో నాలుగుసార్లు తుడిచినా తిరిగివస్తున్న మచ్చ చూడమన్నారు. నేను సబ్బు ముట్టుకోలేదు. ఉత్త నీళ్లు కొద్దిగా అద్ది తువ్వాలుతో ఒత్తాను. తెల్లని నురగ వచ్చింది. ఏడెనిమిది తువ్వాళ్లు మార్చేదాకా నురగ ఆగలేదు. ఆ తర్వాత ఆ మచ్చ మళ్లీ రాలేదు.

కాబట్టి ఇలా చేయండి. అరచేతంత మరకకు రెండు మూడు చెంచాల మంచినీళ్లు గుడ్డతో అద్దండి. వెంటనే పొడి తువ్వాలు మడిచి పెట్టి, రెండు అరచేతులూ ఆనించి మీ బరువంతా మోపి ముప్పై లెక్కపెట్టండి. తువ్వాలు పొడి వైపుకు తిప్పి మళ్లీ ఒత్తండి. ఇలా నీళ్లు, ఒత్తడం కలిపి కనీసం ఆరుసార్లు. నాలుగుకే బాగుందనిపిస్తుంది, అప్పుడు కూడా ఆపకండి. తడి పోగును వేళ్ల మధ్య నలిపితే జారుడు తగలకూడదు, ఒత్తితే నురగ రాకూడదు. తొందరపడి చెంబుతో నీళ్లు గుమ్మరిస్తే మిగిలిన రంగును మీరే ఇంకా లోతుకు పంపినట్టు.

ఇప్పుడు పొడి తువ్వాలును నాలుగైదు మడతలు వేసి ఆ చోట పరచండి. దానిపై ప్లాస్టిక్ కాగితం, ఆపైన బరువైన పుస్తకాలు. ప్లాస్టిక్ లేకపోతే అట్టల రంగు తడికి దిగి కొత్త మరక పుడుతుంది. రాత్రంతా అలాగే వదిలేయండి. పైకెక్కే తడి కొసల దగ్గర ఆగక తువ్వాలులోకి వెళుతుంది. పొద్దున తువ్వాలు అడుగున లేత గోధుమ రంగు మచ్చ కనిపిస్తే సంతోషించండి, కార్పెట్ మీద తేలవలసింది అక్కడ తేలింది.

జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెట్టేవారు తెలియక కీడు చేసుకుంటున్నారు. అది పైభాగాన్ని త్వరగా ఆర్చి, అడుగు రంగును ఇంకా వేగంగా పైకి లాగుతుంది. తువ్వాలు తీశాక ఫ్యాను గాలి చాలు. ఒకటి రెండు రోజులకు మించి తడి నిలిస్తే బూజు పడుతుంది, కనుక కార్పెట్ పరిచి అంటించినది కాకపోతే అంచు ఎత్తి కింద కూడా గాలి తగలనివ్వండి. పూర్తిగా ఆరేవరకు బల్లలూ కుర్చీలూ వెనక్కి జరపకండి. జరపక తప్పకపోతే కాళ్ల కింద అల్యూమినియం రేకు పెట్టండి, లేకపోతే చెక్క రంగో ఇనుప తుప్పో అంటుతుంది.

ఆరాక పోగులను వేళ్లతో నిలబెట్టి చూడండి. ఇంకా ఛాయ ఉంటే నాలుగో అంకాన్ని ఉత్త నీళ్లతో మళ్లీ చేయండి, సబ్బు జోలికి వెళ్లకండి. మచ్చ చుట్టుపక్కల కన్నా లేతగా కనిపిస్తే మాత్రం అక్కడ మరక లేదు, కార్పెట్ రంగే పోయింది. దానికి ఏ ద్రవమూ పనిచేయదు. కార్పెట్‌కు రంగు వేసేవారికి చూపించండి, లేదా సోఫా కింద నుంచి అంతే ముక్క కత్తిరించి అక్కడ అతికించండి.