చలి గాలి రాకముందే ముక్కు సంగతి చూసుకోండి

దీపావళి టపాసుల చెత్త ఊడ్చేసిన వారం పది రోజులకు హైదరాబాద్‌లో గాలి మారుతుంది. పొద్దున్నే బండి తీసి రోడ్డెక్కితే చెవులు చల్లబడతాయి. మధ్యాహ్నానికి పెదవులు చిట్లుతాయి. రాత్రి పడుకోబోతే ముక్కులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది. జలుబు చేసిందనుకుని చీదితే ఏమీ రాదు. వేలు పెడితే గట్టిగా పక్కు తగులుతుంది. దాన్ని గిల్లి లాగితే గోటికి ఎర్రగా అంటుకుంటుంది. రేపటికి అక్కడే ఇంకో పక్కు, ఇంకాస్త పెద్దది.

నేను కాకినాడ నుంచి వచ్చిన మనిషిని. అక్కడ సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పు ముద్దకట్టేది. ఇక్కడ జనవరిలో అదే ఉప్పు ఇసుకలా జలజలా రాలుతుంది. ముక్కుకు ఏమవుతుందో ఆ డబ్బా చూసే అర్థం చేసుకోవాల్సింది, నాకు తట్టలేదు. మొదటి డిసెంబరులోనే ఒక పొద్దున కూకట్‌పల్లి గదిలో వాష్‌బేసిన్ ముందు రక్తం ధారగా కారింది. అప్పుడు అమ్మ వచ్చి ఉంది. "ఒరేయ్, తల పైకెత్తరా, పైకెత్తు" అని నెత్తిన చెంబుడు నీళ్లు కుమ్మరించింది. పక్కింటి ఆంటీ ఉల్లిపాయ సగానికి కోసి తెచ్చి వాసన చూడమంది. తల ఎత్తితే రక్తమంతా గొంతులోకి దిగింది. పది నిమిషాలకు ఎర్రగా వాంతి. అమ్మ ఏడుపు, నా టెన్షన్, ఆటో, ఆసుపత్రి. డాక్టరు టార్చి వేసి చూసి, "జబ్బేం లేదు, ఎండిపోయింది అంతే. వాంతిలో వచ్చింది నువ్వు మింగిన రక్తమే" అన్నాడు.

ఆ ఎండిపోవడం ఎందుకో చెబుతాను. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. వానాకాలం వెళ్లాక ఆకాశం తేటపడి, గాలిలో నీటి ఆవిరి తగ్గిపోతుంది. తెల్లవారి 12 డిగ్రీల చలిలో తేమ 80 శాతం అని ఫోన్‌లో కనిపిస్తే మోసపోకండి. అదే గాలి మధ్యాహ్నం 28, 29 డిగ్రీలకు వేడెక్కితే, ఒక్క చుక్క ఆవిరి పోకపోయినా, తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది. వేడిగాలి ఎక్కువ నీటిని పట్టగలదు కాబట్టి, దొరికినచోటల్లా లాగుతుంది. ఆరేసిన బట్టల నుంచి, పెదవుల నుంచి, ముక్కు నుంచి. ఫిబ్రవరి దాటితే చలి పోతుంది కానీ ఎండిన గాలి పోదు, ఎండాకాలం దాన్ని అందుకుంటుంది. వానలు పడేదాకా ఇదే కథ.

ముక్కు చేసే పని కూడా తక్కువేం కాదు. లోపలికి పీల్చిన ప్రతి ఊపిరినీ వెచ్చబెట్టి, తడిపి, దుమ్ము వడకట్టి ఊపిరితిత్తులకు పంపుతుంది. ఆ తడి లోపలి పల్చటి పొర నుంచి వస్తుంది. దాని మీద జిగురుగా ఉండే చీమిడిని కంటికి కనిపించని సన్నటి వెంట్రుకలు గొంతువైపు తోస్తుంటాయి. జిగురు గట్టిపడితే ఆ తోపు ఆగి, ఉన్నచోటే పక్కు కడుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడకు ముందుభాగంలో, సరిగ్గా మన వేలు అందేచోట, సన్నటి రక్తనాళాలు చాలా కలుస్తాయి. ముక్కు నుంచి కారే రక్తంలో అత్యధికం అక్కడిదే.

ఇక జాగ్రత్తలు. నాకు అర్థమైనది ఒక్కటే: ముక్కుకు కావాల్సింది నీళ్లు, నూనె కాదు. పగిలిన మడమకు పొడిగా ఉన్నప్పుడు వాసెలీన్ రాస్తే మీద మీదే ఉండిపోతుంది. కాసేపు నీళ్లలో నానబెట్టి, తుడిచి రాస్తే మెత్తబడుతుంది. ముక్కూ అంతే. ముందు తడి, తర్వాత కావాలంటే జిడ్డు. మనం ఎప్పుడూ రెండోదానితో మొదలుపెడతాం.

ఆ తడికి సులువైన దారి సెలైన్, అంటే ఉప్పునీటి చుక్కలు లేదా స్ప్రే. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. పొద్దున లేవగానే, ఆఫీసు నుంచి వచ్చాక, పడుకునే ముందు ఒక్కో రంధ్రంలో రెండేసి చుక్కలు. మరీ ఎండితే మధ్యలో ఇంకో రెండుసార్లు వేసుకున్నా నష్టం లేదు, అలవాటు పడిపోతామన్న భయమూ లేదు. పక్కు ఉంటే చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగి, మెల్లగా చీదండి. దానంతట అది వస్తే సరే, రాకపోతే సాయంత్రం చూద్దాం అని వదిలేయండి. సీసా ఒక్కరికి ఒక్కటి. మూత తీసిన తేదీ పెన్నుతో మీద రాసుకుని, లేబుల్ మీద చెప్పిన గడువు దాటగానే పారేయండి.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. "ముక్కు బిగుసుకుపోయింది, చుక్కలు ఇవ్వండి" అంటే షాపువాడు దిబ్బడ విప్పే మందు ఇస్తాడు. లేబుల్ మీద జైలోమెటజోలిన్ అనో ఆక్సీమెటజోలిన్ అనో ఉంటుంది. అది వాచిన రక్తనాళాలను బిగిస్తుంది. జలుబుకు రెండు మూడు రోజులు బాగానే పనిచేస్తుంది. ఎండిన ముక్కును మాత్రం ఇంకా ఎండబెడుతుంది. వారాల తరబడి వాడితే మందు దిగగానే ముక్కు మరింత బిగుస్తుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ బిగింపు. నెలల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లను చూశాను. కాబట్టి షాపులో "సెలైన్" అనే మాట వాడండి, లేబుల్ మీద సోడియం క్లోరైడ్ తప్ప వేరే మందు లేదని చూసుకోండి.

ఇంట్లో చేసుకుంటామంటే చేసుకోవచ్చు. పావు లీటరు నీళ్లు బాగా మరిగించి చల్లార్చి, అయోడిన్ లేని ఉప్పు అర టీ చెంచాకు కొంచెం తక్కువ కలపండి. ఏరోజుది ఆరోజే. ఇక్కడ ఒక్క విషయంలో మొహమాటం వద్దు: కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు మరిగించకుండా ముక్కులోకి పోయకూడదు. ఆర్ఓ నీళ్లయినా సరే, మరిగించాల్సిందే. కేరళలో 2024, 2025లలో వార్తల్లోకి వచ్చిన 'మెదడు తినే అమీబా' తాగితే రాదు, ముక్కులోంచే పైకి ఎక్కుతుంది. అరుదే, కానీ పట్టుకుంటే బతకడం కష్టం. జలనేతి, అంటే ఒక రంధ్రంలో నీళ్లు పోసి రెండోదాంట్లోంచి వదిలే యోగ పద్ధతి, చేసేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. అసలు ఎండిన ముక్కుకు రోజూ జలనేతి అవసరం లేదు, నాలుగు చుక్కలు చాలు.

జిడ్డు విషయానికి వద్దాం. తడిపాక వాసెలీనో కొబ్బరినూనో చిటికెన వేలి కొసన బియ్యపు గింజంత తీసుకుని, రంధ్రం అంచున లోపలివైపు రాసి, బయట నుంచి ముక్కును రెండుసార్లు మెత్తగా నొక్కితే సరిపోతుంది. లోతుకు పోనివ్వొద్దు. రాసిన వెంటనే పడుకోవద్దు. జిడ్డు వెనక్కి జారి ఊపిరితిత్తుల్లో చేరితే, అలా నెలల తరబడి జరిగితే, ఒక రకం నిమోనియా వస్తుంది. అరుదుగానే వస్తుందనుకోండి, అయినా రోజుల లెక్క దాటి వాడాలంటే నీటితో చేసిన సెలైన్ జెల్ నయం.

పసిపిల్లల సంగతి వేరు. స్నానం చేయించాక ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అమ్మమ్మలకు కోపం వచ్చినా చెప్పాల్సిన మాట: ముక్కులో నూనె వద్దు. పసివాళ్లు దాన్ని దగ్గి బయటికి తేలేరు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సెలైన్ ఒక చుక్క చాలు.

గదిలో తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. నేను కొన్నదే ఎక్కువ నేర్పింది. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ముక్కు ఊరుకుంటుంది. 60 దాటితే గోడలకు బూజు, పరుపుల్లో పురుగులు. ఏసీ వేస్తే అంకె కళ్లముందే దిగుతుంది. ఏసీ పైపు కింద పెట్టిన బకెట్ నిండుతుంది చూడండి, అవి గదిలోని గాలి నుంచి లాగిన నీళ్లే. ఎండాకాలం 25, 26 మీద పెట్టుకుని, గాలి నేరుగా మొహానికి తగలకుండా రెక్కలు పైకి తిప్పండి. కూలర్‌ది దీనికి ఎదురు గుణం, అది తేమ ఇస్తుంది. గడ్డి మార్చి, తొట్టి కడిగి వాడితే ఎండాకాలం ముక్కుకు ఏసీ కంటే అదే మేలని నా అభిప్రాయం.

చలికాలం రాత్రి తువ్వాలు తడిపి పిండి, మంచం కాళ్లవైపు కుర్చీ మీద ఆరేయండి. మా మీటర్ మీద తలుపులేసిన చిన్న గదిలో గంటకు అయిదారు శాతం పెరిగింది. పొద్దున తువ్వాలు బిరుసుగా అట్టలా ఉంటుంది. ఆ తడంతా మనం పీల్చాం కదా అని ఓ తృప్తి. హ్యూమిడిఫయర్ కొన్నవాళ్లు అందులో బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, పొగమంచు చిమ్మే రకం మెషీన్ దాన్ని తెల్లటి పొడిగా ఫ్రిజ్ మీదా టీవీ మీదా మన ముక్కులోనూ చల్లుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడి, రోజూ నీళ్లు పారబోసి ఆరబెట్టాలి. తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ముక్కుకే కాదు, ప్రాణానికే ప్రమాదం.

బయట దుమ్ము. కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లు లేచేచోట రోజూ బండి మీద తిరిగేవాళ్లు మాస్క్ వేసుకోండి. దుమ్ము ఆపడమే కాదు, వదిలిన ఊపిరిలోని తడి కొంత మాస్క్‌లోనే నిలిచి ముక్కుకు తిరిగొస్తుంది. జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు పిల్లలతో వెళ్లి వచ్చాక కాళ్లు కడుక్కున్నట్టే ముక్కులోనూ చుక్కలు వేయండి. అగరుబత్తి, దోమల కాయిల్ పొగ పడకగదిలో వద్దు.

ఆవిరి పట్టడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పట్టినంతసేపు హాయి, అరగంటకు మళ్లీ మామూలే. పిల్లలున్న ఇంట్లో మరిగే గిన్నె దగ్గర ఒళ్లు కాలే ప్రమాదమే ఎక్కువ. 1920 నుంచి ఈ ఊరి ఇళ్లలో ఉన్న జిందా తిలిస్మాత్ అయినా, అమృతాంజనం అయినా జలుబుకు వాడుకోండి. ఎండి చిట్లిన ముక్కు లోపల రాస్తే భగ్గుమంటుంది. నీళ్లు దాహానికి సరిపడా తాగండి, బిందెలు ఎత్తిపోసినంత మాత్రాన ముక్కు తడవదు. ఇరానీ చాయ్ మానమని కూడా నేను చెప్పను.

ఇక రక్తం కారితే. కూర్చోండి, తల కొంచెం ముందుకు వంచండి. ఎముక దగ్గర కాదు, కింద మెత్తగా ఉండే భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా పట్టుకుని నోటితో ఊపిరి తీసుకోండి. గడియారం చూసి పది నిమిషాలు. ఆగిందా అని మధ్యలో వదిలి చూడొద్దు, అందరం చేసే తప్పు అదే. నోట్లోకి వచ్చిన రక్తం ఉమ్మేయండి. ఆగకపోతే ఇంకో పది నిమిషాలు. అప్పటికీ ఆగకపోతే, ధారగా పోతుంటే, తల తిరుగుతుంటే 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఇంతసేపు ఆగొద్దు, అలాగని మాత్రలు సొంతంగా మానొద్దు. ఆగాక ఆ రోజంతా ముక్కు చీదడం, బరువులెత్తడం ఉండకూడదు. పిల్లల గోళ్లు ఆదివారం ఆదివారం కత్తిరిస్తే ఇక్కడిదాకా వచ్చేవి సగం రావు.

మందుల డబ్బా కూడా ఒకసారి చూడండి. జలుబు మాత్రలు, ఎలర్జీ మాత్రలు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ ముక్కును ఎండబెడతాయి. ఎలర్జీకి స్టెరాయిడ్ స్ప్రే వాడేవాళ్లు ఎడమ రంధ్రానికి కుడిచెయ్యి, కుడి రంధ్రానికి ఎడమచెయ్యి వాడితే మందు మధ్య గోడకు తగలకుండా చెవివైపు పోతుంది.

రెండు వారాలు తడిపినా పక్కులు తగ్గకపోతే, ఒకే పక్క మూసుకుని అటునుంచే రక్తం పడుతుంటే, కళ్లూ నోరూ కూడా ఎండిపోతుంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ముక్కు కొస ఎర్రగా వాచి జ్వరం వస్తే లోపలి కురుపును నొక్కకుండా అదే రోజు వెళ్లండి. చిన్నపిల్లలకు ఒక్క రంధ్రం నుంచే దుర్వాసన వస్తుంటే శనగగింజో పూసో దూరి ఉంటుంది. పెద్దల్లో ముక్కు వాసన ఇంట్లోవాళ్లకు తెలిసి, తనకు మాత్రం తెలియకపోతే అది పీనసం, అంటే ముక్కు లోపలి పొర సన్నబడిపోయే జబ్బు, కావచ్చు, ఇంటి చిట్కాలతో పోదు. ప్రైవేటు ఖర్చు వద్దనుకునేవాళ్లకు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే మాత్రల షీట్లు, ముక్కులో వేసుకుంటున్న సీసా కవర్లో పెట్టుకెళ్లండి. "ఏవో తెల్ల మాత్రలండీ" అంటే డాక్టరు ఏం రాయగలడు?