అంగుళం పైలెట్‌కి మిగ్-21

విజయనగరం గంటస్తంభం దగ్గర నాది మొబైల్ రిపేరు కొట్టు. పగలంతా పగిలిన డిస్‌ప్లేలు, ఛార్జింగ్ పిన్నులు. రాత్రి షట్టరు సగం దించాక అదే బల్ల మీద, అదే భూతద్దం లైటు కింద ప్లాస్టిక్ యుద్ధ విమానాలు కడతాను. ఈ మధ్య తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు "మావయ్యా, నాకూ ఒకటి నేర్పీ" అని వెంటపడ్డాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి కట్టేవాళ్లకి 1/72 స్కేలులో మిగ్-21 మంచిది. ఒక గొట్టం, రెండు త్రికోణం రెక్కలు, ముక్కు రంధ్రంలో ఓ శంకువు, అంతే దాని ఆకారం. 1963లో మన వాయుసేనలో చేరి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది కాబట్టి ఫొటోలకి కొదవ లేదు. 1/72 లెక్క కూడా తేలిక. ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, మన బల్ల మీద పది సెంటీమీటర్లకి ఓ పిసరు తక్కువ.

సామాను పెద్దగా అక్కర్లేదు. సన్నటి కట్టరు, ట్వీజర్లు నా కొట్లోవే. బ్లేడు మెడికల్ షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడు. కార్లకి పెయింట్ వేసేవాళ్లు కొనే షాపులో వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) 400, 800, 1200 నంబర్లవి తలో షీటు, సందులు పూడ్చే ఎన్‌సీ పుట్టీ చిన్న డబ్బా తీసుకోండి. అతికించడానికి మాత్రం మోడల్ కిట్ల కోసం చేసే పల్చటి సిమెంటే ఆన్‌లైన్లో తెప్పించుకోండి. దాన్ని జిగురు అంటాం గానీ అది అంటుకోదు, పాలీస్టైరీన్‌ని కాస్త కరిగించి తను ఆవిరైపోతుంది. రెండు ముక్కలూ కరిగిన చోట కలిసి ఒకటే ముక్కవుతాయి. ఘాటైన వాసన, కిటికీ తీసి పెట్టుకోండి.

కిట్‌లో ముక్కలన్నీ ప్లాస్టిక్ ఫ్రేములకి అతుక్కుని వస్తాయి. ముందు ఆ ఫ్రేములన్నీ గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చుల దగ్గర పూసిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. ముక్కని ఫ్రేము నుంచి కోసేటప్పుడు అంచు దాకా వెళ్లకుండా రెండు మిల్లీమీటర్లు వదిలి కొయ్యాలి, మిగిలిన మొటిమని బ్లేడుతో కొంచెం కొంచెంగా చెక్కాలి. ఒక్క దెబ్బకి కోస్తే ముక్కలోనే గుంట పడుతుంది. ఏ ముక్కనైనా సిమెంటు ముట్టించకముందు ఒట్టిగా పెట్టి చూసుకోండి.

కాక్‌పిట్ మొదట పూర్తి చెయ్యాలి, ఎందుకంటే బాడీ రెండు సగాలు మూసేశాక లోపలికి బ్రష్షు వెళ్లదు. ఈ తరం మిగ్‌లలో లోపలి రంగు నీలం, ఆకుపచ్చ కలిసిన ఒక వింత రంగు. చక్రాల మధ్య భాగం ఆకుపచ్చ. టైరుకి నలుపు వెయ్యకండి, ముదురు బూడిద రంగు వేస్తేనే రబ్బరులా ఉంటుంది.

మూసేముందు ముక్కులో బరువు పెట్టాలి. ఇది మర్చిపోతే పూర్తయిన విమానం తోక నేలకి ఆనించి, ముక్కు ఆకాశంలోకి ఎత్తి కుక్కలా కూర్చుంటుంది. చింతపల్లి బీచికి వెళ్లినప్పుడు అక్కడి మత్స్యకారుల్ని అడిగి వలలకి కట్టే సీసం గుళ్లు ఓ గుప్పెడు తెచ్చుకున్నాను, ఇప్పటికీ అవే వాడుతున్నా. శంకువు లోపల కొంత, కాక్‌పిట్ కింద కొంత. సరిపోయిందో లేదో చూడ్డానికి బాడీని టేపుతో మూసి, వెనక చక్రాలు వచ్చే చోట రెండు వేళ్ల మీద నిలబెట్టండి. ముక్కు కిందికి వాలితే చాలు. సీసం పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలైతే మరీను.

ఇప్పుడు అసలు పని. మిగ్ బాడీ కుడి, ఎడమ సగాలుగా వస్తుంది కాబట్టి అతుకు వీపు మీద, పొట్ట కింద పొడుగునా నడుస్తుంది. నిజం విమానానికి అక్కడ అలాంటి గీత ఉండదు. రెండు సగాల్నీ టేపుతో బిగించి సందు మీద సిమెంటు బ్రష్షుని ఆనించండి చాలు, అదే లోపలికి పీల్చుకుంటుంది. ఓ అరనిమిషం ఆగి రెండు వైపుల నుంచీ గట్టిగా నొక్కితే సందులోంచి కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకండి! గీతని పూడ్చేది అదే. ఒక రోజంతా వదిలెయ్యండి. తర్వాత బ్లేడుతో గీకి, ఐస్‌క్రీమ్ పుల్లకి అంటించిన 400 వాటర్ పేపరుని తడిపి రుద్దండి, ఆపైన 800, ఆపైన 1200. వేలికి చుట్టి రుద్దితే గుండ్రటి వీపు మీద పల్లం పడిపోతుంది. ఇంకా సందు కనిపిస్తే ఎన్‌సీ పుట్టీ పల్చగా పట్టించాలి. మందంగా పెడితే ఆరాక కుంగిపోతుంది.

గోరుతో అడ్డంగా గీరి చూడండి. గోరు తగులుకుంటే మళ్లీ రుద్దాల్సిందే. మావాడు మూడో రోజుకి "ఏటి మావయ్యా, రంగెప్పుడు?" అన్నాడు. రంగు గీతని దాచదు నాయనా, చూపిస్తుంది అన్నాను. అందుకే మొదటి మిగ్‌ని వెండి రంగులో కట్టొద్దంటాను. 1971 ఫొటోల్లో మెరిసే మిగ్‌లు చూసి ఎవరికైనా మనసు లాగుతుంది, కానీ వెండి రంగు కింద వెంట్రుకంత గీత కూడా తెలిసిపోతుంది. చివరి రోజుల్లో బైసన్‌లకి, అంటే ఆధునీకరించిన మిగ్-21లకి, వేసిన బూడిద రంగులు కొత్తవాడి మీద దయ చూపిస్తాయి.

రంగు సంగతికొస్తే, మా జిల్లాలో దీనికి పెద్ద శత్రువు గాల్లో తేమ. ఒక ఏడాది సిరిమానోత్సవం మంగళవారం జనంలో కొట్టు తెరిచే వీలు లేక, ఇంట్లో ఖాళీగా ఉన్నాను కదా అని సాయంత్రం చినుకుల్లోనే విమానానికి క్లియర్ లక్కర్ (రంగు లేని పైపూత) కొట్టాను. ఐదు నిమిషాల్లో అంతా పాలు పోసినట్టు తెల్లబడింది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకి బయట చెమట పడుతుంది చూడండి, అదే పని. లక్కర్లోని థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ అక్కడ నీరై రంగు పొరలో చిక్కుకుంటుంది. రెండ్రోజుల తర్వాత మంచి ఎండలో ఒట్టి థిన్నరుని మంచులా పల్చగా కొడితే చాలావరకు తేరుకుంది, రెక్కల కింద మాత్రం ఆ తెలుపు ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచీ తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని బల్ల మీద పెట్టుకున్నాను. తేమ 70 శాతం దాటితే స్ప్రే ముట్టుకోను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పదకొండు నుంచి మూడు మధ్య, నా పెయింటింగ్ అంతా అప్పుడే.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పనిముట్టు) ఉంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ ప్రెషరు, రంగు పాలంత పల్చన. లేకపోయినా బెంగ లేదు. నీళ్లలో కలిసే అక్రిలిక్‌ని వెడల్పాటి మెత్తటి బ్రష్షుతో మూడు పల్చటి పూతలు వెయ్యండి, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. కారు స్ప్రే డబ్బాలైతే దూరం నుంచి తుంపరగా కొట్టాలి. దగ్గరగా తడిసేలా కొడితే వాటి థిన్నరుకి ప్లాస్టిక్ చర్మం ముడతలు పడుతుంది.

రంగు ఆరాక మెరిసే క్లియర్ పూత కొట్టి, దాని మీదే డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల బొమ్మలు) వెయ్యాలి. గరుకు పూత మీద వేస్తే కింద గాలి చిక్కుకుని డెకాల్ చుట్టూ వెండి పొరలా మెరుస్తుంది. ఒక్కో బొమ్మనే కత్తిరించి, నీళ్లలో అరనిమిషం ఉంచి, తడి టిష్యూ మీద నానబెట్టండి. చేత్తో ఎత్తకుండా కాగితాన్ని విమానానికి ఆనించి తడి బ్రష్షుతో పక్కకి జరపాలి. మన వాయుసేన చక్రంలో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇయర్‌బడ్‌ని మధ్యలోంచి అంచుకి దొర్లిస్తే కింది నీరు పోతుంది.

తర్వాత అందరూ చేసే పని, ప్యానెల్ గీతల్లో, అంటే విమానం రేకులు కలిసే చోట ఉండే సన్నటి గాడుల్లో, నల్లటి ఆయిల్ పెయింట్ పల్చగా నింపడం. ఇక్కడ నాకొక పట్టింపు ఉంది. మావాణ్ని వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 దగ్గరికి తీసుకెళ్లి, నాలుగడుగులు వెనక్కి నిలబెట్టి, గీతలు లెక్కపెట్టమన్నాను. సగం కూడా కనిపించలేదు వాడికి. అంత పెద్ద విమానానికే లేని నల్ల గీతలు మన పది సెంటీమీటర్లదానికి ఎందుకు? నేను నలుపు బదులు ముదురు బూడిద రంగు వాడతాను, ఎక్కువైంది గాలి వీచే దిశలోనే, అంటే ముక్కు నుంచి తోక వైపుకి తుడుస్తాను. చివరికి మెరుపు లేని మ్యాట్ పూత.

కానోపీ, అంటే కాక్‌పిట్ మీది అద్దం మూత, గురించి విడిగా చెప్పాలి. దాన్ని సూపర్ గ్లూతో అంటిస్తే ఆవిరికి లోపల అద్దం మసకబారుతుంది, మళ్లీ తుడిచే దారి లేదు. ఫెవికాల్ చాలు, తడిగా ఉండగా తెల్లగా కనిపించినా ఆరితే కనబడదు. అద్దం భాగాలకి మాస్కింగ్ టేపు అంటించి బాడీతో పాటే రంగు వేసి, మ్యాట్ పూత ఆరాక టేపు తియ్యండి.

మిగిలింది ముక్కు ముందుకి పొడుచుకొచ్చే పిటో గొట్టం, నిజం విమానంలో వేగం కొలవడానికి వాడేది. కిట్‌లో వచ్చేది ప్లాస్టిక్ పుల్ల, చొక్కా తగిలితే పుటుక్కుమంటుంది. ఇంజెక్షన్ సూదిని పొడుగు చూసి కోసి, మొన అరగదీసి పెట్టండి. అన్నిటికంటే ఆఖర్న, విమానం ఇక ఏ చేతుల్లోకీ వెళ్లదనుకున్నాకే. మావాడు ముందే పెట్టేశాడు, ఆ రాత్రే బొటనవేలికి గుచ్చుకుంది.