గుంటూరు–విజయవాడ లోకల్ రైళ్ల కోసం అర్జీ పెట్టడం ఎలా

గుంటూరు, మంగళగిరి, తెనాలి నుంచి ప్రతి ఉదయం ఉద్యోగానికో చదువుకో విజయవాడ వెళ్లేవారు ఎక్కడ కలిసినా రెండు మాటలే అంటారు: ఇంకొక బండి వేయాలి, ఉన్న బండిని వేళకు నడపాలి. రెండూ న్యాయమైన కోరికలే. అయితే అర్జీలో ఆ రెండు మాటలే ఉంటే అది ఏ అధికారి బల్ల మీదా పనిగా మారదు. మేము కొందరం కలిసి మొదటిసారి ఇచ్చిన అర్జీలో ‘ప్రతిరోజూ ఆలస్యమవుతోంది’ అని మాత్రమే రాశాము. ‘పరిశీలిస్తాము’ అన్న ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. ఏ బండి, ఏ స్టేషన్ దగ్గర, ఎన్ని నిమిషాలు, వారంలో ఎన్ని రోజులు ఆగుతోందో లెక్క చూపినప్పుడే దానికి వివరమైన సమాధానం అడిగే హక్కు మనకు దక్కుతుంది. అటువంటి అర్జీని తయారుచేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలియాలి. చెన్నై–హౌరా మార్గమూ, కాజీపేట మీదుగా ఢిల్లీ వెళ్లే మార్గమూ విజయవాడ జంక్షన్‌లోనే కలుస్తాయి. గుంటూరు నుంచి నంబూరు, మంగళగిరి మీదుగా వచ్చే బండి, తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా వచ్చే బండి కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ఒకచోట చేరి, అక్కడి నుంచి కృష్ణానది వంతెన దాటి విజయవాడలోకి ప్రవేశించాలి. చెన్నై వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బండ్లూ కూడా ఆ వంతెనల మీదుగానే వెళతాయి కాబట్టి, ప్లాట్‌ఫారం ఖాళీ లేనప్పుడు ఏదో ఒక బండి ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగక తప్పదు. ఆ ఆగేది చాలాసార్లు ప్యాసింజరు బండే. మంగళగిరి దాకా వేళకు వచ్చిన బండి నది అవతలి గట్టు కనిపించే దూరంలో నిలిచిపోయే సందర్భాలు అందువల్లనే ఏర్పడతాయి.

కాబట్టి నోటు పుస్తకంలో బయలుదేరిన వేళ, చేరిన వేళ రాసుకుంటే చాలదు. మధ్యలో ఆగిన చోటును కూడా విడిగా నమోదు చేయాలి. ఒక రోజు పుట ఇలా ఉండవచ్చు: ‘మంగళవారం. మంగళగిరి, రావలసినది 8.12, వచ్చినది 8.15. కృష్ణా కెనాల్ వదిలినది 8.28. వంతెనకు ముందు ఆగినది 8.31, కదిలినది 8.49. ఆ మధ్య పక్క లైనులో వెళ్లినవి ఒక ఎక్స్‌ప్రెస్, ఒక గూడ్సు. విజయవాడ, 9.01.’ ఇవి నమూనా అంకెలే. మీ బండి నంబరును, మీ వేళలను మీరు వేసుకోవాలి. వరుసగా ఆరు వారాలు, సెలవు రోజులను విడిచి, వేర్వేరు పెట్టెల్లో ప్రయాణించే ముగ్గురు నలుగురు ఇలా రాస్తే ఒకరి పొరపాటును మరొకరి పుట సరిదిద్దుతుంది. నేషనల్ ట్రైన్ ఎంక్వయిరీ సిస్టమ్ యాప్‌లో అదే బండి నడక కనిపిస్తుంది కనుక, పాత వివరాలు తొలగిపోకముందే ఏ రోజుకారోజు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. బండి సమయపాలనను ప్రధానంగా అది చివరి స్టేషన్ చేరిన వేళను బట్టి లెక్కిస్తారు. అందుకే టైంటేబుల్‌లో చివరి స్టేషన్‌కు ముందు కొంత అదనపు సమయం కలుపుతారు. మీ బండికి ఆ అదనం ఎంత ఉందో తెలుసుకోవడానికి, కృష్ణా కెనాల్ నుంచి విజయవాడకు టైంటేబుల్‌లో ఇచ్చిన నిమిషాలను, విజయవాడ నుంచి కృష్ణా కెనాల్‌కు ఇచ్చిన నిమిషాలతో పోల్చి చూడండి. దూరం అదే, మార్గం అదే. అందువల్ల తేడాలో అధిక భాగం ఆ అదనపు సమయమే. ఈ తేడాను అర్జీ మొదటి పుటలోనే చూపాలని నా గట్టి అభిప్రాయం. కాగితం మీద ‘రైట్ టైం’ అయిన బండిలో ప్రయాణికుడు రోజూ ఎన్ని నిమిషాలు ఊరికే కూర్చుంటున్నాడో దీనివల్ల ఎవరూ కాదనలేని విధంగా తేలుతుంది.

టికెట్ విషయం క్లుప్తంగా చెబుతాను. టికెట్ లేని ప్రయాణికుడు రైల్వే లెక్కలో లేడు. నంబూరులో ఎక్కే విద్యార్థి నంబూరు నుంచే సీజన్ టికెట్ తీసుకోవాలి. ఆర్డినరీ బండిలో కనీస చార్జీ 10 రూపాయలే. సీజన్ టికెట్ నెలకైనా మూడు నెలలకైనా దొరుకుతుంది. మూడు నెలలది నెల టికెట్‌కు మూడు రెట్లకంటే తక్కువకే వస్తుంది. కొత్త స్టాప్‌ను సాధారణంగా ప్రయోగాత్మకంగా ఇచ్చి, అక్కడ అమ్ముడైన టికెట్లను చూసి కొనసాగించాలో వద్దో తేలుస్తారు కాబట్టి, ఈ ఒక్క అలవాటు కొన్నిసార్లు అర్జీకంటే బలంగా పనిచేస్తుంది.

మీ పుస్తకంలోని అంకెలకు అధికారిక రికార్డు తోడైతే మంచిది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘బండి ఎందుకు ఆలస్యమవుతోంది’ అని అడగకండి. కారణం చెప్పమనే ప్రశ్నను, అది రికార్డు కాదంటూ తిరస్కరించే వీలుంది. ‘ఫలానా నంబరు బండి ఫలానా నెలలో కృష్ణా కెనాల్ దాటిన వేళ, విజయవాడ చేరిన వేళ, తేదీలవారీగా’ అని అడిగితే అది రికార్డులో ఉండే విషయం. జవాబు రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా, మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ఇక ఏమి అడగాలన్నది. ఇక్కడే అర్జీలు ఎక్కువగా తప్పుదారి పడతాయి. కొత్త బండి కావాలంటే రేక్ (ఒక బండిగా నడిచే పెట్టెల వరుస) కావాలి, సిబ్బంది కావాలి, వంతెన మీద వేళ కావాలి, విజయవాడలో ప్లాట్‌ఫారం కావాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా ఫైలు ఆగిపోతుంది. కాబట్టి తక్కువ ఖర్చయ్యే కోరికనే ముందు పెట్టాలి. ఎప్పుడూ ఒకే ఎక్స్‌ప్రెస్ కోసం మీ బండి ఆగుతున్నట్లు పుస్తకం చూపితే, పది పదిహేను నిమిషాలు ముందుకో వెనక్కో వేళ మార్చమని అడగండి. జనం తలుపుల దగ్గర వేలాడుతుంటే 8 కార్ల (పెట్టెల) మెమును, అంటే విడిగా ఇంజను లేకుండా కరెంటుతో నడిచే లోకల్ బండిని, 12 కార్లది చేయమని అడగండి. మెము రేక్ ఒక మోటారు పెట్టె, మూడు ట్రైలర్ పెట్టెలు కలిసిన యూనిట్లతో నడుస్తుంది కనుక నాలుగేసి చొప్పునే పెరుగుతుంది. ‘రెండు పెట్టెలు కలపండి’ అనే కోరిక అక్కడే వీగిపోతుంది. మీ స్టేషన్ ప్లాట్‌ఫారం 12 కార్లకు సరిపోతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

అదనపు ట్రిప్పు అడిగేటప్పుడు రేక్ లింక్ చూడండి. అంటే ఒక రేక్ ఉదయం నుంచి రాత్రి వరకు ఏ బండిగా వచ్చి ఏ బండిగా తిరిగి వెళుతుందో గమనించడం. గుంటూరులోనో విజయవాడలోనో ఒక మెము గంటల తరబడి ఖాళీగా నిలిచి ఉంటే, ఆ వ్యవధిలో ఒక రాకపోకను ఇరికించవచ్చునేమో నిమిషాలతో సహా రాసి చూపండి. మెముకు రెండు చివరలా డ్రైవర్ క్యాబ్ ఉంటుంది కాబట్టి ఇంజను మార్చే పని లేదు. ‘కొత్త రైలు వేయండి’ అన్న నూరు సంతకాలకంటే, ఖాళీగా ఉన్న రేక్‌ను చూపే ఒక్క పట్టిక ఎక్కువ దూరం వెళుతుందని నా నమ్మకం.

గుంటూరు స్టేషన్ గుంటూరు డివిజన్‌లోది, విజయవాడ జంక్షన్ విజయవాడ డివిజన్‌లోది. ఒకరికే అర్జీ ఇస్తే ‘అది మా పరిధి కాదు’ అన్న జవాబుకు మనమే తావిచ్చినట్లు అవుతుంది. ఇద్దరు డివిజనల్ రైల్వే మేనేజర్లకూ పంపి, బండ్ల నడకను చూసే సీనియర్ డివిజనల్ ఆపరేషన్స్ మేనేజర్లకు ప్రతులు ఇవ్వాలి. డివిజన్ స్థాయిలోని రైలు వినియోగదారుల సంప్రదింపుల సంఘం సభ్యుల్లో ఒకరిని కలిసి, దీన్ని సమావేశపు అజెండాలో చేర్పించమని కోరాలి. పార్లమెంటు సభ్యుని లేఖ కూడా ఉపయోగపడుతుంది. మంగళగిరి, తెనాలి రెండూ గుంటూరు లోక్‌సభ స్థానంలోనివే గనుక రెండు మార్గాల ప్రయాణికులూ కలిసే వెళ్లవచ్చు. 139 ఫోన్ నంబరు, రైల్వే ఫిర్యాదుల వేదిక రైల్ మదద్ ఆ రోజు సమస్యకు మాత్రమే. అయినా అక్కడ వచ్చిన ఫిర్యాదు నంబర్లను అర్జీకి జతచేయండి.

దూరదృష్టితో అడగవలసినది కూడా ఒకటుంది. కాజీపేట మార్గంలోని ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబర్ 24న ఆమోదం తెలిపింది. అంచనా 2,245 కోట్ల రూపాయలు. అందులో కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన ఉంది. ఆ లైను కలిసే నంబూరులో లోకల్ బండ్లు ప్రధాన లైనుకు అడ్డం రాకుండా ఆగి తిరిగివెళ్లే ప్లాట్‌ఫారాలు ఉండాలని అడగవలసినది నిర్మాణం పూర్తయ్యాక కాదు, ఇప్పుడే. విశ్వవిద్యాలయ విద్యార్థులు, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లే రోగులు, అమరావతి ఉద్యోగులు అదే మార్గాన్ని వాడబోతున్నారు.

కోరినది మంజూరైన తర్వాత నోటు పుస్తకం మూసేయకండి. వేళ మారిన రోజు నుంచి మళ్లీ ఆరు వారాలు అదే పద్ధతిలో రాసి, పాత పట్టిక పక్కన కొత్త పట్టిక పెట్టి, తగ్గిన నిమిషాలనూ మిగిలిన నిమిషాలనూ అవే కార్యాలయాలకు పంపండి.