పాత జీను ఎక్కేముందు ఏం చూడాలి, ఎలా బాగుచేసుకోవాలి

పాత జీను బేరానికి వస్తే చాలామంది ముందు తోలు చూస్తారు. నల్లగా నిగనిగలాడుతుంటే మనసు పడిపోతారు. నూనె పట్టించి రుద్దితే ఏ తోలైనా ఒక పూట మెరుస్తుంది, ఆ మెరుపు చూసి డబ్బు తీయకండి. ముందు చట్రం, తర్వాత కుట్లు, ఆ తర్వాతే తోలు. ఎండిపోయిన తోలుకి వైద్యం ఉంది. చట్రం విరిగితే మాత్రం గుర్రం వెన్ను పోతుంది, కుట్టు తెగితే ఎక్కినవాడి నడుం పోతుంది.

గోదావరి డెల్టాలో గుర్రం మీద ఎక్కువగా కనిపించేది విగ్రహాల్లోని కాటన్ దొరే. అయినా పెళ్ళి ఊరేగింపుల పుణ్యమా అని గుర్రాలూ, వాటితోపాటు పాత సామానూ ఇంకా వాడుకలో ఉన్నాయి. చేతికొచ్చే జీనులు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి సైన్యం నమూనా: ముందూ వెనకా ఉక్కు కమానులు, వాటిని కలుపుతూ రెండు చెక్క పలకలు, కింద మడతపెట్టిన కంబళి. రెండోది ఇంగ్లీషు తరహా: లోపల చెక్క చట్రం, అడుగున ఉన్ని కూరిన మెత్తలు. మన దేశంలో ఇవి ఎక్కువగా కాన్పూర్‌లో తయారవుతాయి. మూడోది ఊరేగింపు జీను: పైన మఖమల్, జరీ, లోపల ఏముందో విప్పితే తప్ప తెలియదు.

చట్రం పరీక్ష

జీనుని ఒక తెల్ల పంచె మీద పెట్టి అరచేత్తో నాలుగు పక్కలా గట్టిగా తట్టండి. తర్వాత జీను తీసి పంచె మీద ఏం రాలిందో చూడండి. సన్నని లేత పసుపు పిండి రాలితే చెక్క పుచ్చిపోయింది, లోపల పురుగు ఉంది. ముదురు గోధుమ రంగు పెచ్చులు రాలితే వాటి దగ్గర అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు కమాను తుప్పు తింటోందని అర్థం. ఎర్రటి మెత్తని పొడి వేలికి అంటి తుడిచినా పోకపోతే తోలే పొడైపోతోంది. ఈ మూడోది నూనెతో బాగుపడదు. అలాంటి జీనుని గోడకి అలంకారంగా పెట్టుకోవచ్చు గానీ ఎక్కడానికి పనికిరాదు.

తర్వాత ముందు కమానుని తొడకి ఆనించి, వెనక కమానుని రెండు చేతులా పట్టుకుని మీ వైపు లాగండి. ఇంగ్లీషు జీనులో స్ప్రింగు చట్రం ఉంటే నడుమ దగ్గర కాస్త వంగి, వదలగానే యథాస్థానానికి పోతుంది. అది లోపం కాదు. కూర్చునే చోట తోలు మీద అడ్డంగా లోతైన ముడత పడినా, ఒక పక్క ఎక్కువా ఇంకో పక్క తక్కువా వంగినా చట్రం విరిగినట్టే. ముందు కమాను రెండు కొసల్నీ పట్టుకుని లోపలికి నొక్కి, బయటికి లాగండి. అది ఎంతమాత్రమూ కదలకూడదు, కిర్రుమనకూడదు. తోలు రాపిడికి వచ్చే చప్పుడు మెత్తగా, సాగినట్టు వినిపిస్తుంది. విరిగిన కలప టక్కుమంటుంది. నాలుగైదు సార్లు నొక్కితే తేడా చెవికే తెలిసిపోతుంది.

చివరగా జీనుని బోర్లించి, ముందు కమాను మధ్య నుంచి వెనక కమాను మధ్యకి ఒక దారం బిగించి పట్టుకోండి. దారానికి రెండు పక్కలా మెత్తల దూరం కొలవండి. అర అంగుళం తేడా వస్తే చట్రం మెలి తిరిగింది, లేదా ఒక పక్క మెత్త అణిగిపోయింది. మెత్త అణిగితే ఉన్ని కూరి సరిచేయవచ్చు. చట్రం మెలి తిరిగితే ఆ జీనునే వదిలేయండి. విరిగిన చెక్కకి మేకు కొట్టి, బంక పూసి, పైన కొత్త తోలు తొడిగి అమ్మడం కొత్తేమీ కాదు. ఆ మేకు మొన ఎప్పుడో ఒకప్పుడు గుర్రం వీపులోకి దిగుతుంది. ఊరేగింపు జీనులో ఈ బెడద మరీ ఎక్కువ కాబట్టి అడుగుభాగమంతా వేళ్ళతో, తొందరపడకుండా తడిమి చూడండి.

ఇంగ్లీషు జీనులో రికాబు (పాదం పెట్టే ఇనుప వలయం) పట్టీ తగిలించే ఇనుప కడ్డీకి చివర చిన్న గొళ్ళెం ఉంటుంది. మన తేమకి అది తుప్పు పట్టి, మూసినచోటే బిగిసిపోతుంది. ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేసి ఆడించి, స్వారీ చేసేటప్పుడు ఎప్పుడూ తెరిచే ఉంచండి. మనిషి పడి కాలు రికాబులో ఇరుక్కుంటే పట్టీ ఆ కడ్డీ మీంచి జారి ఊడి రావాలి. గొళ్ళెం మూసి ఉంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. సైన్యపు జీనుల్లోనూ ఊరేగింపు జీనుల్లోనూ చాలావాటికి ఈ ఏర్పాటే ఉండదు. వాటి మీద చెప్పులతో ఎక్కకండి. మడమ ఉన్న బూటు వేసుకోండి, రికాబు బూటు కంటే అంగుళం వెడల్పు ఎక్కువ ఉండేలా చూసుకోండి.

కుట్లు

ప్రాణం ఆధారపడే కుట్లు మూడు చోట్ల ఉంటాయి: రికాబు పట్టీ బకిల్ దగ్గర, పొట్టపట్టీ బకిళ్ళ దగ్గర, పొట్టపట్టీ తగిలించే నాలుక పట్టీలు జీను లోపలి పటకాకి (నేత పట్టీకి) కలిసే దగ్గర. మూడోది జీను పక్కన వేలాడే తోలు రెక్క ఎత్తితే గానీ కనిపించదు, అందుకే జనం దాన్ని మరిచిపోతారు. బొటనవేలి గోరుతో కుట్టుని అడ్డంగా గీకండి. ఒక్క దారం లేచినా, పోగు పీచులా విడినా ఆ కుట్టు మొత్తం విప్పేయాలి. తెగినచోట మాత్రమే అతుకు వేస్తే పక్కది తెగుతుంది, ఎందుకంటే దారమంతా ఒకే వయసుది.

మళ్ళీ కుట్టించేటప్పుడు చెప్పులు కుట్టే మంచి పనివాడు చాలు గానీ, నాలుగు మాటలు ముందే చెప్పాలి. మిషన్ వద్దు, చేత్తో రెండు సూదుల కుట్టు వేయాలి. మిషన్ కుట్టులో ఒక్కచోట తెగితే వరసంతా వదులవుతుంది. రెండు సూదుల కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. దారం నారది, తేనెమైనం పట్టించినది కావాలి. పొడవు కుట్టాల్సిన మేరకు నాలుగింతలు తీసుకోవాలి. నైలాన్ దారం గట్టిదే, కానీ పాత తోలు కంటే గట్టిది కావడమే దాని లోపం: లాగినకొద్దీ రంపంలా తోలుని కోస్తుంది. అంగుళానికి ఏడెనిమిది కుట్లు సరిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, పాత రంధ్రాల్లోంచే సూది పోనివ్వాలి. మధ్యలో ఆరెతో కొత్త రంధ్రాలు పొడిస్తే ఆ వరస వెంబడే తోలు చిరుగుతుంది.

నాలుక పట్టీల రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయో, కోలగా సాగాయో చూడండి. కోలగా సాగి అంచున చీలిక కనిపిస్తే పట్టీ మార్చేయండి. పక్కన ఇంకో రంధ్రం కొట్టి సరిపెట్టకండి. అన్ని పట్టీల్నీ నున్నటి వైపు బయటికి వచ్చేలా వేలి చుట్టూ వంచి చూడండి. సన్నని గీతలు కనిపిస్తే నూనె అడుగుతోంది. గీతలు లోపలి పొర దాకా తెరుచుకుంటే ఆ పట్టీ పని అయిపోయింది.

శుభ్రం చేయడం, నూనె పట్టించడం

విప్పేముందు ఫోనులో నాలుగు ఫోటోలు తీసి, ఏ బకిల్ ఎన్నో రంధ్రంలో ఉందో రాసుకోండి. పొడి బ్రష్‌తో దుమ్ము పోయాక, పాత నూలు లుంగీ గుడ్డని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, చుక్క కారకుండా పిండి తుడవండి. గ్లిజరిన్ సబ్బుని తడిగుడ్డ మీద రుద్ది వాడాలి. నురగ వస్తే నీళ్ళు ఎక్కువైనట్టు. చెమటా జిడ్డూ కలిసి గట్టిపడిన నల్లటి చుక్కల్ని గోరుతో గీకి తీయండి. కొబ్బరి పీచు పెట్టి రుద్దితే తోలు పైపొర లేచిపోతుంది. తుడిచాక ఫ్యాన్ గాలికి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. రోహిణి కార్తె ఎండలో గంట పెడితే చాలు, తోలు అప్పడంలా తయారవుతుంది.

ఇక ఏ నూనె అన్నది. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనె కాబట్టి అందరూ అదే పూస్తారు. దానితో రెండు చిక్కులు. సుమారు 24 డిగ్రీల దగ్గర అది పేరుకుంటుంది, ధనుర్మాసం తెల్లవారుజామున జీను మీద తెల్లటి మరకలు తేలేది అందుకే. ఆ మరక బూజు అనుకుని మళ్ళీ కడిగేవాళ్ళున్నారు. అరచేయి పెట్టి ఉంచితే కరిగేది నూనె, కరగనిది బూజు. రెండో చిక్కు, కొబ్బరినూనె తేలిగ్గా ఇంకిపోతుంది కాబట్టి ఎంత పోశారో తెలియకుండానే తోలు స్పాంజిలా మెత్తబడుతుంది. దొరికితే నీట్స్‌ఫుట్ ఆయిల్ వాడండి, పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే ఈ నూనె జీనులకి ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. దొరకకపోతే ఆముదం. కిర్రు చెప్పులకి ఆముదం పట్టించడం మనకి తెలిసిందే. చిక్కగా ఉంటుంది కాబట్టి గిన్నెని వేడినీళ్ళలో ఉంచి పలచబడ్డాక రాయాలి.

నూనె గరుకు వైపు నుంచి పట్టించాలి. ఒక జీను మొత్తానికి మొదటి పూతకి 50 మి.లీ. చాలు. రాత్రంతా వదిలి, పొద్దున్న వంచి చూసి, ఇంకా బిరుసుగా ఉన్నచోట మాత్రమే రెండో పూత వేయండి. రికాబు పట్టీలకి, నాలుక పట్టీలకి ఒక్క పూతే, అదీ పలచగా. అతిగా తాగిన పట్టీ బరువుకి సాగిపోయి, రెండు రికాబులూ రెండు ఎత్తుల్లో నిలుస్తాయి. ఎడమవైపు నుంచే ఎక్కుతాం కాబట్టి ఆ పట్టీ మామూలుగానే ముందు సాగుతుంది. నెలకోసారి ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి. వీలైతే నేల మీంచి కాకుండా అరుగు మీద నిలబడి ఎక్కండి. చట్రం మెలి తిరగడం చాలావరకు తగ్గుతుంది.

ఇత్తడి బకిళ్ళకి తోలు తగిలేచోట ఆకుపచ్చని జిగట పేరుకుంటుంది. నూనెలోని కొవ్వుకీ ఇత్తడిలోని రాగికీ పడక వచ్చేదే అది. వేపపుల్లతో గీకి తీసేయండి. చింతపండుతో తోమాలనుకుంటే బకిల్ పూర్తిగా విప్పి తోమి, కడిగి, ఆరబెట్టి తగిలించండి. ఆ పులుపు తోలుకి తగలకూడదు.

కళ్ళెం

నోటి కమ్మీ మీద పాత దూది ముక్కతో మెల్లగా రుద్దండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గుర్రం నాలుక కోసుకుంటుంది. మధ్య కీలు అరిగి అంచు తేలిన కమ్మీని ఆకురాయితో సరిచేయకండి, మార్చేయండి. నోటికి రెండు పక్కలా అర సెంటీమీటరు చొప్పున కమ్మీ బయటికి కనిపిస్తే కొలత సరిపోయినట్టు. ముళ్ళున్న కళ్ళేలు పాత సామానులో ఇప్పటికీ దొరుకుతుంటాయి, ఊరేగింపులో గుర్రం తల ఎత్తి నిలవడానికని వాడతారు. ముళ్ళున్న కర్ర గానీ కళ్ళెం గానీ వాడకూడదని 1965 నాటి జంతుహింస నిరోధక నిబంధనల్లోనే ఉంది. అలాంటిది చేతికొస్తే ఇనుము ధరకి తూకానికి వేసేయండి.

గుర్రానికి సరిపోయిందా

మన దగ్గరి ఊరేగింపు గుర్రాల్లో మార్వాడీ, కఠియావాడీ రక్తం ఉన్నవి ఎక్కువ. వాటి మూపు, అంటే మెడా వీపూ కలిసేచోటి ఎత్తు, సన్నగా, ఎత్తుగా ఉంటుంది. వెడల్పు కమాను ఉన్న పాత జీను వాటి మీద ముందుకి కూలబడుతుంది. మనిషి కూర్చున్నాక మూపుకీ ముందు కమానుకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. మెత్తల మధ్య వెన్ను మీద కాలువ ముందు నుంచి వెనక దాకా మూడు వేళ్ళ వెడల్పు తగ్గకూడదు. జీను చివర ఆఖరి పక్కటెముక దాటి నడుం మీదకి పోకూడదు. ఖాళీ నింపడానికి ఇంకో కంబళి, దాని మీద ఇంకో గంత వేసుకుంటూ పోతే బిగువు పెరుగుతుంది తప్ప సరిపోదు.

అరగంట స్వారీ చేసి జీను తీశాక వీపు చూడండి. చెమట తడి రెండు పక్కలా సమానంగా ఉండాలి. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ ఉంటే అక్కడ ఒత్తిడి పడుతోంది. అలాగే వాడితే కొన్నాళ్ళకి అక్కడ తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. మెత్తలో గడ్డకట్టిన ఉన్ని తీసి, దువ్వి మళ్ళీ కూరించండి. చవకని కొబ్బరి పీచు కూరిస్తే తడిసి ఆరినప్పుడల్లా గట్టిపడుతుంది. బూరుగు దూది త్వరగా అణిగిపోతుంది.

దాచడం

గాలిలో తేమ 65, 70 శాతం దాటితే తోలుకి బూజు పడుతుంది, మన దగ్గర మృగశిర నుంచి కార్తీకం దాకా రోజూ అంతే. గోడకి జానెడు ఎడంగా, గుండ్రటి దుంగ మీద జీను ఉంచి నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ సంచీ వద్దు, గడ్డివాము ఉన్న పాకా వద్దు. బీరువాలో పెట్టేటట్టయితే అడుగున వేడెక్కే పాతరకం చిన్న బల్బు ఒకటి, గుడ్డకి తగలకుండా, వెలిగించి ఉంచితే తేమ నిలవదు. బూజు పడితే బయటికి తెచ్చి దులపండి, గదిలో దులిపితే మిగతా సామానుకీ పాకుతుంది. తెల్ల వెనిగరు, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో తుడిచి, నీడలో ఆరాక పలచగా నూనె రాయండి. చెమట ఉప్పు కోసం ఎలుకలూ పందికొక్కులూ పట్టీలు కొరుకుతాయి, తుడవకుండా వేలాడదీసిన పొట్టపట్టీకి ముందు గండం.

లంకల్లో వరద నీళ్ళు తగిలిన జీనుని మంచినీళ్ళతో ఒండ్రు పోయేదాకా కడిగి, మెత్తల్లోని ఉన్నంతా పీకేసి, నీడలో వారం ఆరబెట్టండి. కాస్త తడి ఉండగానే మొదటి నూనె పూత వేయాలి, పూర్తిగా ఎండాక వేస్తే తోలు అప్పటికే బిగిసిపోతుంది. ఆరాక చట్రం పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయండి, నానిన చెక్కలో అతుకులు వదులుతాయి. పొట్టపట్టీ నూలుదైతే కడిగి దాచుకోకండి, కొత్తది కొనండి.