హీత్‌లాండ్‌లో చెట్లు తీసే పనికి వెళ్లేవాళ్లకు

మేముండేది ఇంగ్లండ్‌లోని సర్రేలో. దగ్గర్లోనే థర్స్‌లీ కామన్ ఉంది: ఇసుక నేల, మోకాలెత్తు హెదర్ పొదలు, మధ్యమధ్య బురద కుంటలు. ఇలాంటి హీత్‌లాండ్‌లలో చలికాలం వాలంటీర్లకు దొరికే ప్రధానమైన పని చెట్లు తీసెయ్యడం. "చెట్లు కొట్టడానికా ఇంతదూరం వచ్చావు?" అన్నారు మా నాన్నగారు. వందల ఏళ్లు పశువుల మేతకీ, వంటచెరకుకీ జనం వాడుకోబట్టే ఈ నేల తెరిపిగా నిలిచింది. వదిలేస్తే పైన్, బిర్చ్ చెట్లు కమ్మేస్తాయి, నీడకి హెదర్ చచ్చిపోతుంది.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పని ఉంటుంది. ఆ తర్వాత పక్షులు గూళ్లు కడతాయి కాబట్టి రంపం లోపల పెట్టెయ్యాలి. తోలు గ్లవ్స్ తెచ్చుకోండి, గోర్స్ అనే పొదల ముళ్లు ఊలు గ్లవ్స్‌ని లెక్కచెయ్యవు.

వాన పడిన మర్నాడైతే పని తేలిక. జానెడు మొక్కల్ని మొదట్లో పట్టుకుని లాగితే వేళ్లతో వచ్చేస్తాయి. పెద్ద పైన్‌ని అట్టడుగు కొమ్మకి కూడా కిందగా కొయ్యండి. ఒక్క పచ్చ కొమ్మ మిగిలినా మళ్లీ లేస్తుంది. బిర్చ్ ఇంకా మొండిది, మోడు నుంచే చిగురిస్తుంది. మోళ్లకు మందు రాసేది శిక్షణ ఉన్న సిబ్బందే, మనం వేలు పెట్టకూడదు.

కొట్టిన కొమ్మలు అక్కడే పడెయ్యకండి, కుళ్లి ఎరువవుతాయి. హెదర్‌కి సారంలేని నేలే కావాలి, బలం పెరిగితే గడ్డిదే పైచేయి. కుక్క మలం ఎత్తమనేది శుభ్రత కోసం మాత్రమే అనుకునేరు, ఇదీ కారణమే.

అలాగని అంతా గొరిగెయ్యకండి. దట్టమైన గోర్స్‌లో డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ తలదాచుకుంటుంది. పురుగులు తిని బతికే పిట్ట, అయినా చలికాలం వలస పోదు. 1962-63 చలికి దేశం మొత్తమ్మీద పది జంటలకు అటూఇటుగా మిగిలాయి. ఒంటరి పైన్‌లు కూడా ఒకటీ అరా ఉంచుతారు. జూన్‌లో పొద్దుగుంకాక వాటి మీద కూర్చుని నైట్‌జార్ పిట్ట కుట్టుమిషన్ ఆపకుండా తొక్కినట్టు కూస్తుంది. అది విన్నాక నాకు చలికాలం పడ్డ చాకిరీ గుర్తుండదు.

ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో పైపొర చెక్కి ఉత్త ఇసుక బయటపెడతారు. చూసేవాళ్లకి నేల పాడుచేస్తున్నట్టే ఉంటుంది గానీ, మే, జూన్ నెలల్లో శాండ్ లిజర్డ్ అనే బల్లి గుడ్లు పెట్టేది అందులోనే. వార్డెన్ చోటు చూపించాకే పార పట్టండి. చలికాలమంతా బల్లులూ పాములూ ఆ నేలలోనే పడుకుని ఉంటాయి. ఇక్కడి పాముల్లో విషమున్నది యాడర్ ఒక్కటే, మన రక్తపింజరికి చుట్టం. మార్చి ఎండలో దారి పక్కన కనిపిస్తే కాసేపు చూసి, దూరం నుంచే తప్పుకోండి.

పిల్లలతో వస్తే జూలైలో రండి, తూనీగలు బాగా కనిపిస్తాయి. మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కకి పట్టీ తప్పదు, నేలమీద గూళ్లుంటాయి. బార్బెక్యూ సామాను మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. 2020లో ఇక్కడ మంటలు లేచి చాలా మేర కాలిపోయింది. పులిహోర కట్టుకెళ్తే సరి.